మోకాళ్ల గుర్తులు

బెరుకున్న ఎలుక బతుకుతుంది, తెగువ ఉన్న ఎలుక చస్తుంది. నేను లోకానికి చెప్పిన సంగతి ఇదొక్కటే. అడవి ఎలుకల గురించే చెప్పాను, మనుషుల గురించి కాదు. కానీ మా పోలండ్‌లో సైనిక పాలన నడిచిన ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా మనుషుల గురించేనని అనుకునేవారు. కూడళ్లలో సైనికుల బళ్లు నిలబడి ఉండేవి. టెలిఫోన్ ఎత్తితే అవతలి మనిషి కన్నా ముందు ఒక గొంతు, మీ మాటలు వింటున్నాం అని చెప్పేది. అలాంటి రోజుల్లో నా ఎలుకల వ్యాసం అందరికీ తెగ నచ్చేసింది. కుక్కిన పేనులా పడి ఉండటమే ప్రకృతి ధర్మమన్నట్టు కమ్యూనిస్టు పార్టీ పత్రిక రాసింది. సాత్వికులకే ఈ భూమి దక్కుతుందని మా ఊరి ఫాదర్ ఆదివారం ప్రసంగంలో నా ఎలుకల్ని ఉదాహరణగా చెప్పాడు. ప్రభుత్వాన్ని తిట్టుకునే వాళ్లు కూడా, తలెత్తితే ఏమవుతుందో చివరికి ఎలుకలకు కూడా తెలిసిపోయిందని నవ్వుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూడని ఈ ముగ్గురికీ ఒకే మాట నచ్చిందంటే అందులో ఏదో తిరకాసు ఉందని నాకు తట్టాలి. తట్టలేదు. పొగడ్త ఎవరికి చేదు?

మా పరిశోధన కేంద్రం దేశానికి తూర్పు కొసన, పాత అడవి అంచున ఉంది. మేం పట్టేవి ఎర్ర ఎలుకలు. బొటనవేలంత ఒళ్లు, తుప్పు రంగు వీపు, పొట్టి తోక. అడవిలో ఒక చదరపు ముక్క కొలిచి, వరసగా చెక్క బోన్లు పెట్టేవాళ్లం. లోపల గుప్పెడు ఓట్స్ గింజలు, ఆపిల్ ముక్క, వెచ్చదనానికి కాస్త ఎండుగడ్డి. పొద్దున్నే వెళ్లి, తలుపు పడిన బోను ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎలుకని గుడ్డసంచిలోకి దులిపి, తూచి, చెవి అంచున గుర్తు చూసి, చివర్లో ఒక రేకు గొట్టంలోకి వదిలేదాన్ని. గొట్టం రెండో కొస తెరిచే ఉంటుంది. వెంటనే మూతి బయటపెడితే అది తెగువ ఉన్న ఎలుక. లోపలే ముడుచుకుని కూర్చుంటే బెరుకుది. పరీక్ష అయ్యాక పట్టిన చోటే వదిలేసి తర్వాతి బోను దగ్గరికి నడవాలి. చలికాలమంతా ఇదే పని.

మంచు కరిగాక చూసుకుంటే తెగువ ఉన్నవాటిలో చాలావరకు మాయమయ్యేవి. మిగిలిన బెరుకువాటికి బెరుకు పిల్లలు పుట్టేవి. ఏటా ఇదే తంతు. పరిణామం అంటే లక్షల ఏళ్ల వ్యవహారం అనుకుంటారు అందరూ. నేను మాత్రం అది నా బూట్ల పక్కనే, నేను చూస్తూండగానే జరుగుతోందని నమ్మాను. ఎక్కువ తిరిగేది ఎక్కువ ఆపదలో పడుతుంది, చలికాలం దాన్ని బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి పారేస్తుంది. నాకది ఎంతో అందంగా కనిపించేది.

కేంద్రంలో వంట చేసే గెనొవేఫాకి మాత్రం నా ఎలుకలంటే ఒళ్లుమంట.

"డాక్టరమ్మా, మనకేమో మాంసానికి కార్డు, పంచదారకి కార్డు. నీ ఎలుకలకి మాత్రం ఏ కార్డూ లేకుండానే ఓట్స్. రేపట్నుంచి నేనూ వచ్చి బోనులో కూర్చుంటా. నన్నూ తూచి వదిలెయ్."

"నిన్ను తూచే తక్కెడ మా దగ్గర లేదు, గెనొవేఫా."

"అవునులే. తినేదంతా గాలే కదా, ఎలా పెరుగుతున్నానో దేవుడికే తెలియాలి."

మా డైరెక్టరు ప్రొఫెసర్ క్సావెరి. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. యుద్ధం చూసినవాడు, యుద్ధం తర్వాత జైలూ చూసినవాడు. నాకు ఉద్యోగం ఇచ్చింది, మొదటి బోను ఎలా పెట్టాలో చేతులు పట్టుకుని చూపించింది ఆయనే. నా ఎలుకల మీద ఆయన ఒక సిద్ధాంతమే కట్టాడు. నన్ను ప్రొఫెసర్ని చేసి పోవాలని ఆయన పట్టుదల. మా దేశంలో డాక్టరేటు ఒక్కటే సరిపోదు. దాని పైన ఇంకో పెద్ద పట్టా ఉంటుంది. అది లేనివాళ్లు ముసలివాళ్లయినా ఎవరో ఒకరి కింద గుమాస్తాలే. ఆ వసంతంలో నా పని చూసి పట్టా తేల్చడానికి వార్సా నుంచి సంఘం రాబోతోంది. పట్టా వస్తుందనడంలో సందేహం ఎవరికీ లేదు. నాకూ లేదు.

మార్చి మొదట్లో ఒక పొద్దున బోన్లన్నీ చూసుకుని వెనక్కి వచ్చాక రేకు గొట్టం ఎక్కడో మరిచిపోయానని తెలిసింది. తెల్లవారుజామున కొత్త మంచు పడింది. నా అడుగులు తప్ప అడవిలో ఇంకే గుర్తూ ఉండకూడదు. నా అడుగుల వెంటే తిరిగి వెళ్లాను. కొంతదూరం పోయాక ఆ అడుగుల మీద ఇంకెవరో అడుగులేశారు. నక్క. ఒకదాని వెనక ఒకటి, కుట్టుమిషను వేసిన కుట్టులా తిన్నగా ఉన్నాయి.

అడవిలో నక్క ఉండటం వింత కాదు. అది నడిచిన తీరే వింత. ఖాళీ బోన్ల పక్కనుంచి ఆగకుండా వెళ్లిపోయింది. తలుపు పడిన బోన్ల దగ్గర మాత్రం ఆగింది. ఆ బోన్ల దగ్గర మంచులో నా మోకాళ్లు చేసిన రెండు గుంటలున్నాయి. వాటికి ఎదురుగా కూర్చుని, చెవులు రిక్కించి, పైకెగిరి, మూతితో మంచుని తవ్విన ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. రెండుచోట్ల ఎర్రటి చుక్కలు. రెండూ ఆ పొద్దున నేను తూచి, గొట్టంలో చూసి, శభాష్ అనుకుని వదిలిన తెగువ ఎలుకలవే. బెరుకుది వదలగానే బోను కిందే దూరి చాలాసేపు కదలదు. తెగువది అలా కాదు. మంచు కింద సందడిగా పరిగెడుతుంది, నా చెయ్యి వదిలీ వదలకముందే మళ్లీ ఓట్స్ కోసం అదే బోనుకి వస్తుంది. పట్టుబడేదీ ఎక్కువసార్లు అదే. అది పట్టుబడిన ప్రతిసారీ నేను మోకాళ్ల మీద కూర్చుంటాను, నేను కూర్చున్న ప్రతిసారీ నక్క వస్తుంది.

అక్కడే నిలబడి పెద్దగా తిట్టాను. నక్కని కాదు, నన్ను నేనే.

అయినా ఒక్కరోజు చూసి నమ్మే చదువు కాదు మాది. మర్నాడు కావాలనే ఖాళీ బోన్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎలుక ఉన్న బోన్ల దగ్గర మాత్రం నడుం వంచి నిలబడే పని ముగించాను. కాసేపాగి వెనక్కి తిరిగి చూసుకుంటూ వచ్చాను. నక్క ఖాళీ బోన్ల దగ్గరే ఆగింది. ఒకచోట ఎంత విసుగొచ్చిందో, సరిగ్గా నా మోకాలి గుంటలోనే ఉచ్చ పోసి వెళ్లింది. మరో రెండు రోజులు ఇలాగే చేశాను. చివరి రోజు దాన్ని చూశాను కూడా. ఆడనక్క. నేను లేచేదాకా దూరంగా నిలబడింది, మాంసం కొట్టు ముందు వరసలో నిలబడ్డ ఇల్లాలిలా, తొందరేం లేకుండా.

తిన్నగా ప్రొఫెసర్ గదికి వెళ్లాను.

"ప్రొఫెసర్ గారూ, మన ఎలుకల్ని చంపుతున్నది చలికాలం కాదండీ. నేను."

"పొద్దున్నే ఏమిటమ్మాయ్ ఇది? పాపాలు చెప్పుకోవాలంటే చర్చికి పో. నేను ఫాదర్ని కాదు."

"నవ్వకండి. ఒకసారి నాతో రండి."

వచ్చాడు. కర్ర పట్టుకుని, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, ఆ మంచులో బోను బోనుకీ నడిచాడు. నక్క గుర్తులు చూశాడు, వంగి, మొదటి రోజు నుంచి మిగిలిన ఎర్రటి చుక్కని వేలితో తాకాడు. నేను చేసిన పరీక్ష మొత్తం చెప్పాను. ఆయన ఒక మొద్దు మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"తెలీదు. పాత ఏళ్ల గుర్తులన్నీ మంచుతోపాటే కరిగిపోయాయి కదా. ఈ ఒక్క చలికాలమే కావచ్చు, అన్నీ కావచ్చు."

"నక్క మాత్రం ప్రకృతి కాదా, హల్ష్కా?"

"నక్క ప్రకృతేనండీ. దారి నాది. నేను వేసిన దారిలో, నేను మోకాళ్లతో గుర్తు పెట్టిన చోట తింటోంది. ఏ ఎలుక బతకాలో ఏరుతున్నది మనమే. మనం ఏరి, ప్రకృతి ఏరిందని రాశాం. కంచే చేను మేసింది."

ఆయన తల ఊపాడు. కాదనలేదు, కసురుకోలేదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు పుట్టిన గౌరవం మా నాన్న మీద కూడా ఎప్పుడూ పుట్టలేదు. జీవితమంతా కట్టుకున్న ఇంటి పునాదిలో నీళ్లున్నాయని చెబితే, రా చూద్దాం అని వచ్చిన మనిషి.

"ఏం కావాలి నీకు?" అన్నాడు.

"రెండే. సంఘానికి రావద్దని చెప్పండి, ఈ పని మీద నాకు పట్టా వద్దు. ఇంకో చలికాలం ఇవ్వండి. ఇదే నక్కతో. సగం బోన్ల దగ్గర కూర్చుంటాను, సగం చోట్ల నిలబడే పని చేస్తాను. రెండువైపులా ఏవి బతికాయో చూస్తే తేలిపోతుంది. ఈ విద్య నేర్చిన నక్క ఇదొక్కటే. కొత్త నక్కకి నేర్పాలంటే ఎన్నేళ్లు పడుతుందో."

"ఇన్నేళ్లు రాసిందంతా తప్పని తేలితే?"

"తప్పని రాద్దాం. మన తప్పు మనమే రాస్తే మర్యాదగానైనా ఉంటుంది."

ఆయన లేచి, మా పెద్దవాళ్ల మర్యాద ప్రకారం నా చెయ్యందుకుని ముద్దుపెట్టుకున్నాడు. "సరే. నాకు వదిలెయ్. నేను చూసుకుంటాను" అన్నాడు. ఇంటికి వెళ్లే దారిలో నేను ఏడ్చాను. బరువు దిగిన ఏడుపు అది.

ఇక ఆ ఎలుకల్ని నక్క నోటికి అందించడం ఇష్టంలేక ఆ రోజే బోన్లన్నీ మూసేశాను. చలికాలం ముగిసేదాకా ఆ వైపు వెళ్లలేదు. వచ్చే ఏటి పని ఎలా చెయ్యాలో గీసుకుంటూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో అంత ఉత్సాహంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు. నమ్మకం పోయిన చోట ఉత్సాహం ఎలా పుట్టిందో నాకే అర్థం కాలేదు.

ఏప్రిల్ చివర్లో ఒకనాడు వంటింట్లోంచి ఎన్నడూ లేని వాసన వచ్చింది. వెళ్లి చూస్తే పెద్ద గిన్నెలో కాబేజీ, అడవిపంది మాంసం ఉడుకుతున్నాయి.

"ఎక్కడిదే ఇంత మాంసం?"

"వేటగాళ్ల సంఘం పెద్ద ఉన్నాడుగా, తెయోఫిల్, అతను పంపాడు. ప్రొఫెసర్ గారి స్నేహితుడు. నీ పెళ్లికి కూడా ఇంత వండలేదు డాక్టరమ్మా."

"నాకు పెళ్లే కాలేదు కదే."

"అదేగా నేనూ అంటున్నది. ఇవాళైనా మంచి బట్టలు కట్టుకో. వార్సా వాళ్లు మధ్యాహ్నానికల్లా దిగుతారట."

వరండాలో ప్రొఫెసర్ని పట్టుకున్నాను. టై కట్టుకుని ఉన్నాడు.

"రావద్దని చెబుతానన్నారు!"

"చూసుకుంటానన్నాను. ఇప్పుడు మూస్తే ఆ తలుపు మళ్లీ తెరవరమ్మాయ్. ఈ రోజుల్లో మూసిన తలుపు తెరిచే తీరిక ఎవరికుంది? అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పకు."

అప్పుడే నేను బ్యాగు తీసుకుని బస్సెక్కి వెళ్లిపోవలసింది. కానీ నాకు కోపం వస్తే కాళ్లు వెనక్కి పోవు, ముందుకే పోతాయి.

పొడవాటి బల్లకి అటువైపు అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, గుండ్రటి మొహం, నవ్వే కళ్లు. నా పని గురించి పది నిమిషాలు వాళ్లే పొగిడారు. ఏమైనా చెబుతారా అని అడిగారు. లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. నక్క సంగతి, మోకాళ్ల సంగతి, ఖాళీ బోన్ల పరీక్ష. "ఇది ప్రకృతి వరణం అని నేను రాసింది నిలవదు. ఎలుకల్లో ఎవరు చావాలో నా పని చేసే తీరే నిర్ణయించి ఉండొచ్చు. నాకు ఈ పట్టా ఇవ్వకండి. ఇంకో చలికాలం కావాలి" అన్నాను.

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సహచరులారా, ఎంత వినయం! తన పనిలో లోపం తనే వెతికి, ఇంత నిర్భయంగా మన ముందు పెట్టేవాళ్లు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారు?"

"వినయం కాదండీ. అది తప్పు. పని తప్పు."

"ఇదే, నేననేది ఇదే" అన్నాడు పక్కనున్నవాళ్లతో, చూశారా అన్నట్టు. తర్వాత ప్రొఫెసర్ వైపు తిరిగాడు. "మరి ఆ నక్క విషయం ఏం చేశారు?"

ప్రొఫెసర్ క్సావెరి లేచాడు. నా వైపు చూడలేదు.

"తొలగించాం. వచ్చే చలికాలం నుంచి ఫలితాల్లో ఎలాంటి కల్తీ ఉండదు."

"అంటే లోపాన్ని కనిపెట్టారు, సరిదిద్దారు. శాస్త్రం అంటే ఇదే కదా!"

పట్టాకి ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. తొలగించాం అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. నిలబడే ఉన్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు.

విందు మొదలైంది. బీట్‌రూట్ చారు, హెర్రింగ్ చేప, కాబేజీ మాంసం, వోడ్కా. తెయోఫిల్ ఎర్రటి మొహంతో, ఆకుపచ్చ కోటుతో నా పక్కకొచ్చి కూర్చున్నాడు. మంచి మనిషే. ఎదుటివాళ్ల మొహంలో ఏముందో అర్థం చేసుకోలేని రకం మంచి మనిషి.

"శుభాకాంక్షలు డాక్టరమ్మ గారూ! ఇక ప్రొఫెసరమ్మ గారనాలి కాబోలు!"

"నక్కని చంపింది మీరేనా?"

"మరి! ప్రొఫెసర్ గారు చెప్పగానే, మీరు బోన్లు మూసేసిన మర్నాడే."

అంటే నా చెయ్యి ముద్దుపెట్టుకున్న మర్నాడు. నేను ఇంట్లో కూర్చుని వచ్చే చలికాలం పని గీసుకుంటున్న రోజు.

"ఎంత తేలికో తెలుసా అండీ! నలభై ఏళ్లుగా వేటాడుతున్నా, అంత తేలిగ్గా నక్క ఎప్పుడూ దొరకలేదు. ప్రొఫెసర్ గారు చెప్పినట్టే మీ బోను ముందు మోకాళ్ల మీద కూర్చుని గుంటలు చేశా. పోయి చెట్టు వెనక నిలబడ్డా. సిగరెట్టు కాల్చేంత సేపు కూడా పట్టలేదు. తనంతట తనే నడిచొచ్చి, ఆ గుంటల ముందు కూర్చుంది. మీరు కనిపెట్టింది అక్షరాలా నిజమండీ! నేనే సాక్ష్యం!" గ్లాసు ఎత్తి నా గ్లాసుకి తాకించాడు. "కడుపుతో ఉంది పాపం. అయిదారు పిల్లలుంటాయి లోపల. పోనీలెండి, మీ శాస్త్రానికి పనికొచ్చింది."

నేను లేచి ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాను. అధ్యక్షుడితో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పక్కకి రమ్మన్నాను.

"నా నక్కని చంపించారు."

"నీది కాదమ్మాయ్, అడవిది."

"ఇంకో చలికాలం ఇస్తానన్నారు. అది లేకుండా ఏం తేల్చను? నేను చెప్పింది నిజమని తెలిసి, ఆ నిజంతోనే దాన్ని చంపించారు!"

"నిజమని తెలుసు కాబట్టే!" గొంతు తగ్గించాడు. "ఆ నక్క ఇంకో ఏడాది బతికితే నువ్వు తేల్చేసేదానివి. నా సిద్ధాంతం పోతే పోయింది, నేను రేపోమాపో పోయేవాడిని. కానీ పైవాళ్లు మెచ్చుకున్న మాట అబద్ధమని తేల్చినవాళ్లకి ఏమవుతుందో నేను చూశాను. నువ్వు చూడలేదు. ఇవాళ నిజం చెప్పావు, పట్టా కూడా వచ్చింది. ఈ దేశంలో ఆ రెండూ ఒకేరోజు ఒకే మనిషికి రావడం నేనింతవరకు చూడలేదు. ఇంకేం కావాలి నీకు?"

ఆ మనిషి నన్ను ప్రేమించాడు. నిజంగానే. నన్ను మింగేసింది కూడా ఆ ప్రేమే. ఆయన మొహం మీద ఉమ్మాలనిపించింది, కాళ్ల మీద పడి ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

అప్పటికే బల్ల చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. నూరేళ్లు బతకాలని పాడే పాట అందుకున్నారు, నా కోసం. అధ్యక్షుడు నా చేతిలో నిండు గ్లాసు పెట్టాడు. పాట ముగిసింది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఆ గ్లాసుని ఉన్న బలమంతా పెట్టి నేలకేసి కొట్టాను. మా దగ్గర పట్టరాని సంతోషం వచ్చినా గ్లాసులు పగలగొడతారు. హోరుమని చప్పట్లు కొట్టారు. తెయోఫిల్ తన గ్లాసు కొట్టాడు, తర్వాత అధ్యక్షుడు, తర్వాత మిగతావాళ్లు. గదంతా గాజుపెంకులు.

గెనొవేఫా చీపురు పట్టుకుని వచ్చింది. నా కాళ్ల దగ్గర పెంకులు ఊడుస్తూ తలెత్తి చూసింది.

"నువ్వు మాత్రం కోపంతో కొట్టావు కదూ, డాక్టరమ్మా?"

"అవును."

"చప్పుడు మాత్రం ఒకేలా ఉంది" అని, కాలు పక్కకి తియ్యమంది.